పొడుగైనందుకు

పన్నెండేళ్ళు నిండకముందే వినోదిని తన తండ్రిని దాటేసింది. సీనప్ప పొట్టివాడేమీ కాదు. అయినా ఒకరోజు తోటలో టమాటా బుట్ట ఎత్తుకోబోతూ పక్కకు చూస్తే, కూతురి కళ్ళు తన కళ్ళకంటే పైన ఉన్నాయి. మొదట మురిసిపోయాడు. తర్వాత కొంచెం బెదిరాడు. తమిళనాడులోని ధర్మపురి జిల్లా మహేంద్రమంగళంలో వాళ్ళది ఎన్నో తరాల ఇల్లు. వాకిలి ఎత్తు తక్కువ. మనవరాలు ద్వారబంధానికి తల కొట్టుకున్నప్పుడల్లా అవ్వ రంగమ్మాళ్, దెబ్బకు పసుపు అద్దుతూనే, వంగి రావడం ఎప్పుడు నేర్చుకుంటావని కసిరేది. వినోదిని నేర్చుకుంది. బడిలో ఆఖరి బెంచీ, ఫొటోలో ఆఖరి వరస, పాలక్కోడు బస్సులో మెడ వంచి నిలబడటం. తన పొడుగు తనకంటే ముందు అందరికీ కనపడుతుందని ఆ పిల్లకు అప్పటికే తెలిసిపోయింది.

అలా కనపడింది కణ్ణగి టీచరుకు. పాలక్కోడులో ఆడపిల్లల బడిలో ఆమె ఆటల టీచరు. ధర్మపురిలో బట్టల కొట్టు వాళ్ళ ఇంటి అమ్మాయి. సీనప్ప వాళ్ళలాగే, బయటంతా తమిళమైనా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఒక శనివారం పొద్దున మోపెడ్ వేసుకుని నేరుగా సీనప్ప తోటకు వచ్చింది. గట్టు మీద చెప్పులు విడిచి, తడి మట్టిలో అడుగులు వేస్తూ ఆయన దగ్గరికి పోయి విషయం చెప్పింది. సేలంలో ఆటల హాస్టలు ఉంది, తిండీ చదువూ బట్టలూ వాళ్ళే చూసుకుంటారు, బాస్కెట్‌బాల్ నేర్పిస్తారు, పెద్దయ్యాక ఉద్యోగం కూడా వస్తుంది అని.

సీనప్ప నమ్మలేదు. "ఆట ఆడితే ఉద్యోగం ఇస్తారా, టీచరమ్మా? ఎవురిస్తారు?"

"రైల్వే వాళ్ళు ఇస్తారు, బ్యాంకు వాళ్ళు ఇస్తారు. ఇంత పొడుగు పిల్ల మన జిల్లాలోనే లేదు. నా మాట వినండి."

సీనప్ప కుళ్ళిన కాయ ఒకటి కాలితో పక్కకు తోశాడు. ఆ ఏడు టమాటాకు ధర లేక సగం కాయ చేలోనే కుళ్ళిపోయింది. కొడుకు యువరాజ్ ఇంకా చిన్నవాడు. "సరి, తీసుకొని పొండి. మీ బిడ్డ అనుకోండి" అన్నాడు.

వినోదిని నాలుగడుగుల దూరంలో బుట్ట పట్టుకుని నిలబడి అంతా విన్నది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సింది ఏదైనా ఉందని ఆమెకూ తోచలేదు.

హాస్టల్లో తెల్లవారి ఐదుకు విజిల్ మోగేది. మొదటి వారమంతా ఏడ్చింది. చుట్టూ అన్నీ తమిళం మాటలే. తమిళం రాక కాదు. కడుపులో నొప్పి వచ్చినప్పుడు, దుప్పటి చాలక కాళ్ళు చలిపెట్టినప్పుడు చెప్పుకునే మాటలు ఆమెకు తెలుగులోనే ఉండేవి. కణ్ణగి టీచరు రెండు వారాలకొకసారి సేలం వచ్చేది. గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి, మురుకులు చేతిలో పెట్టి, ఇంటి భాషలో మాట్లాడేది. ఆ అరగంట కోసం ఆ పిల్ల మిగతా పదమూడు రోజులూ పరుగెత్తింది. పరుగు, మెట్లు, తాడాట, మళ్ళీ పరుగు. తర్వాత బడి, బడి తర్వాత మళ్ళీ కోర్టు. ఆ ఆరేళ్ళ గురించి ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆమెకు మొదట గుర్తొచ్చేది ఆట కాదు, నిద్ర చాలకపోవడం. లెక్కల క్లాసులో కళ్ళు తెరిచి నిద్రపోవడం తనకు వచ్చేదని చెబుతుంది. వినేవాళ్ళు నవ్వుతారు.

ఆట మాత్రం వచ్చింది. బాగా వచ్చింది. ఆమె సెంటర్ ఆడేది, అంటే బుట్ట కింద నిలబడి తోపులాటంతా కాచుకునే చోటు. పాయింట్లు వేసి పేరు తెచ్చుకునే రకం కాదు. ఎవరో వేసిన బంతి రింగుకు తగిలి ఎటు పడుతుందో ఆమెకు ఒక క్షణం ముందే తెలిసేది. అందరికంటే ఎక్కువ ఎగిరి కాదు, అందరికంటే ముందు ఆ చోట నిలబడి అందుకునేది. అవతలి వాళ్ళు మోచేతులతో పొడిచినా, తుంటితో నెట్టినా పాదం కదిలేది కాదు. జట్టులో పిల్లలు తమిళంలో 'సువరు' అని పిలిచేవాళ్ళు, గోడ అని. ఆ పేరు ఆమెకు నచ్చిందో లేదో ఎవరికీ చెప్పలేదు.

పంతొమ్మిదో ఏట రైల్వేలో ఉద్యోగం వచ్చింది. కాగితం పట్టుకుని సీనప్ప మహేంద్రమంగళంలో ప్రతి ఇంటి ముందూ నిలబడ్డాడు. రంగమ్మాళ్ చనిపోవడానికి ముందు చూసిన మంచి అదొక్కటే. చెన్నైలో పొద్దున ఆఫీసులో సంతకం, మధ్యాహ్నం నుంచి కోర్టు, నెలలో పది రోజులు ప్రయాణం. దేశంలో ఆమె చూడని ఊరు లేదు. అయితే ఆ ఊళ్ళన్నిటిలో చూసింది ఒక స్టేషను, ఒక స్టేడియం, ఒక డార్మిటరీ. రైలు బెర్తు ఆమెకు ఎప్పుడూ సరిపోలేదు. కాళ్ళు బయటికి వచ్చేవి, నడిచే వాళ్ళందరూ తగిలి పోయేవాళ్ళు. గెలిచి వచ్చినా ఓడి వచ్చినా పాదాల మీద పరాయి వాళ్ళ పెట్టెల గీతలు ఉండేవి.

ఇరవై ఐదో ఏట జాతీయ జట్టు శిబిరానికి పిలుపొచ్చింది. శిబిరం బెంగళూరులో. అక్కడికి ఆరు వారాల కోసం డైనా అనే విదేశీ కోచ్ వచ్చింది. లాత్వియా దేశం మనిషి, యాభై దాటినది, వినోదిని కంటే మూడంగుళాల పొడుగు. పద్దెనిమిదేళ్ళు సెంటర్ ఆడి మానేసిందట. ఆ దేశం ఎక్కడుందో పిల్లలెవరికీ తెలియదు. ఎవరో పటం తెచ్చి వెతికారు. డైనా మేడ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని వెనక్కి తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగేది. పిల్లలు చాటుగా నవ్వేవాళ్ళు, వినోదిని కూడా నవ్వింది.

ఒకరోజు భోజనాల దగ్గర డైనా అందరినీ ఒక ప్రశ్న అడిగింది. ఆట లేని రోజు ఏం చేస్తారు? ఒకరు గుడికి పోతామన్నారు, ఒకరు అమ్మకు ఫోన్ చేస్తామన్నారు. వినోదిని తనకొచ్చిన ఇంగ్లీషులో బట్టలు ఉతుకుతానని చెప్పింది. అందరూ గొల్లుమన్నారు. డైనా నవ్వలేదు. బట్టలు ఆరిన తర్వాత ఏం చేస్తావని అడిగింది. వినోదిని ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదు. డైనా తన పళ్ళెంలోని అరటిపండు ఆమె పళ్ళెంలో పెట్టింది.

ఆ ఏడు పన్నెండు మందిలో ఆమె పేరు వచ్చింది. విదేశంలో పోటీకి పోయింది. ఆరు ఆటల్లో మొత్తం నాలుగు నిమిషాలు కోర్టు మీద ఉంది. రెండు ఫ్రీ త్రోలు వేసింది, రెండూ పడ్డాయి. ధర్మపురిలో ఈ నాటికీ ఆమెను పరిచయం చేసేవాళ్ళు ఇండియాకు ఆడిన అమ్మాయి అంటారు. అవతలి వాళ్ళు ఎన్ని ఆటలు ఆడావని అడుగుతారు. మొదట్లో నాలుగు నిమిషాలని నిజం చెప్పేది. వాళ్ళ ముఖం వాడిపోవడం చూసి, చెప్పడం మానేసి నవ్వి ఊరుకోవడం నేర్చుకుంది.

ఇరవై ఏడో ఏట కుడి మోకాలు పోయింది. ఎవరూ తోయలేదు. మామూలు సాధనలో, తినబోయే పళ్ళెం ఎవరో లాగేసినట్టు, కింద నేల లేకుండా పోయింది. ఆపరేషన్ అయింది, తొమ్మిది నెలలకు మళ్ళీ ఆడింది. ముప్పై ఒకటిలో ఎడమది. ఆ మధ్యలోనే ధనశేఖర్‌తో పెళ్ళయింది. అతను ధర్మపురి పట్టుగూళ్ళ మార్కెట్టులో గూళ్ళ నాణ్యం చూసే ఉద్యోగి, సోగత్తూరులో సొంత ఇల్లు, ఆమెకంటే నాలుగంగుళాలు పొట్టి. పెళ్ళిచూపుల్లో ఆమె అలవాటుగా వంగి కూర్చుంటే, మామూలుగా కూర్చోండి, నాకు మెడ నొప్పేమీ లేదు అన్నాడు. అతను చెప్పిన మాటల్లో ఆమెకు అన్నిటికంటే నచ్చింది అదే.

ముప్పై రెండో ఏట కూతురు మోహనప్రియ పుట్టింది. ఆ ఏడే ఆట అయిపోయింది. దానికి పూలదండ లేదు, సభ లేదు. జట్టు జాబితా గోడకు అంటించారు, అందులో ఆమె పేరు లేదు, అంతే. సెలవు ముగిశాక ఒక సోమవారం పదింటికి ఆఫీసుకు పోయి కుర్చీలో కూర్చుంది. పదమూడేళ్ళ సర్వీసు ఉన్న మనిషికి టికెట్టు ఇవ్వడం తెలియదు. పక్క సీటు అమ్మాయి ఆమెకంటే పదేళ్ళు చిన్నది. ఏ మీట నొక్కాలో ఆ అమ్మాయే వేలు పెట్టి చూపించాలి. మధ్యాహ్నం టీ దగ్గర ఎవరో, ఇన్నాళ్ళు ఆడుకుంటూ జీతం తీసుకున్నారు, ఇప్పుడు తెలుస్తుంది అన్నారు. వినోదిని ఆ మాట మోసుకుని ఇంటికి వచ్చింది. ధనశేఖర్‌కు కూడా చెప్పలేదు. చెబితే అతను కోపం తెచ్చుకుంటాడు, ఆ కోపాన్ని చల్లార్చే ఓపిక ఆమెకు లేదు.

రెండేళ్ళ తర్వాత ధర్మపురి స్టేషనుకు బదిలీ అడిగి తెచ్చుకుంది. పొద్దున ఆరు నుంచి రెండింటి దాకా టికెట్టు కౌంటరు. కూర్చుని ఉన్నంతసేపూ ఆమె అందరిలాంటి మనిషే. కళ్ళద్దాలు, జడ, చేతికి గడియారం. డ్యూటీ అయిపోయి లేచి నిలబడితే మాత్రం గాజుకు అవతల క్యూలో మాటలు ఆగిపోతాయి. ఫుట్‌బ్రిడ్జి మెట్లు దిగేటప్పుడు ఇప్పుడు ఆమె కూడా కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి దిగుతుంది. ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మోహనప్రియ తండ్రి పోలిక, తరగతిలో అందరికంటే పొట్టి. బడిలో కొలతలు తీసిన రోజు పిల్ల ఏడుస్తూ వస్తే, ఓదారుస్తూనే వినోదిని లోపల ఊపిరి పీల్చుకుంది.

ఈ సంవత్సరం వేసవిలో కణ్ణగి టీచరు సోగత్తూరు వచ్చింది. రిటైరయి ఎనిమిదేళ్ళు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, మోపెడ్ పోయి స్కూటర్ వచ్చింది. వేగం మాత్రం తగ్గలేదు. ఊళ్ళో నలుగురిని పట్టుకుని, ఒక బడి మైదానంలో సిమెంటు కోర్టు వేయించింది. సాయంత్రం పూట ఆడపిల్లలకు నేర్పించాలి, పదిహేడు మంది చేరారు, నువ్వు రావాలి అంది. వినోదిని అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు వేడి నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. ఆలోచించకముందే నోట్లోంచి సరే టీచర్ అని వచ్చేసింది. టీచరు పోయాక ధనశేఖర్ ఆ నీళ్ళ బకెట్టు వైపు చూసి, రెండు వారాలు పోయి చూడు, కాళ్ళు ఏమంటాయో చూడు అన్నాడు.

కాళ్ళు ఏమనాలో అదే అన్నాయి. నాలుగింటికి పోయి ఏడింటికి వచ్చేది. పిల్లలు మంచివాళ్ళు, అక్కా అక్కా అని చుట్టూ తిరిగేవాళ్ళు. ఆమెకు ఇబ్బంది అయింది పిల్లలతో కాదు, తన గొంతుతో. వీపు నిలబెట్టు, మోకాలు వంచు, ఇంకొక రౌండు, ఇంకొక రౌండు. ఆ అరుపు హాస్టల్ కోచ్‌ది. ఇన్నేళ్ళు ఆమె లోపల ఎక్కడ దాక్కుందో తెలియదు, అచ్చం అలాగే వచ్చింది.

ఆ పదిహేడు మందిలో యోగలక్ష్మి అనే పిల్ల ఉంది. పదమూడేళ్ళు. ఏరియూరు దగ్గర రైతుల పిల్ల, సోగత్తూరులో అత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఇప్పటికే ఐదడుగుల పది అంగుళాలు. కణ్ణగి టీచరు కళ్ళన్నీ ఆ పిల్ల మీదే. ఆ పిల్ల ఎప్పుడూ మాట్లాడదు, చెప్పింది చేస్తుంది, తల కొంచెం వంచుకుని నడుస్తుంది. మూడో వారంలో ఒక సాయంత్రం పాస్ అందుకోలేక బంతి నేరుగా ముఖానికి తగిలింది. ముక్కులోంచి రక్తం కారింది. పిల్ల ఏడవలేదు. చున్నీతో తుడుచుకుని, తిరిగి పోయి వరసలో నిలబడింది.

వినోదినికి అది చూడబుద్ధి కాలేదు. విజిల్ వేసి అందరినీ నీళ్ళకు పంపింది. యోగలక్ష్మిని మెట్ల మీద కూర్చోబెట్టి, ముక్కు మీద తడి గుడ్డ పట్టింది. రక్తం ఆగాక అడిగింది.

"నీకు ఈ ఆట ఇష్టమా?"

పిల్ల బిత్తరపోయింది. ఇది పరీక్షేమో అనుకుంది. "తెలీదక్కా. పొడుగుండానని పంపించినారు."

"మరి ఏం చేయాలని ఉండాది నీకు?"

యోగలక్ష్మి తడి గుడ్డ తన చేతిలోకి తీసుకుంది. "ఇంటికి పోయి పండుకోవల్ల అనిపిస్తాది."

"అట్లయితే పో" అంది వినోదిని. "రేపు రావల్లనిపిస్తే రా. అనిపించకుంటే వద్దు. ఎవురైనా అడిగితే నేను చెప్పినానని చెప్పు."

పిల్ల సంచి తీసుకుని, రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ పోయింది. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

మూడోరోజు విషయం కణ్ణగి టీచరుకు తెలిసింది. పిల్లలందరూ ఇళ్ళకు పోయేదాకా ఓపిక పట్టింది. పొద్దు గుంకుతోంది. వినోదిని మెట్ల మీద మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుంటోంది. టీచరు వచ్చి ఎదురుగా నిలబడింది.

"నీ మాదిరి పిల్ల ముప్పై ఏండ్లకు ఒకటి దొరికింది. దాన్ని నువ్వే ఇంటికి పంపించినావంటే నేను నమ్మలేదు."

వినోదిని మోకాలికి గుడ్డ ఇంకొక చుట్టు తిప్పింది.

"దానికి ఏమి తెలుసు? పదమూడేండ్ల పిల్ల. నీకు తెలిసిందా ఆ పొద్దు? నిన్ను తోటలోనే విడిచి పెట్టుంటే ఈ ఉద్యోగం వచ్చుండునా?"

"వచ్చుండదు టీచర్." వినోదిని గుడ్డ చుట్టడం ఆపింది. ఎన్నడూ అనని మాట, ఎక్కడినుంచి వచ్చిందో, మెల్లగా వచ్చింది. "ఆ పొద్దు మీరు మా నాయిన్ని అడిగినారు. నన్ను అడగలేదు."

కణ్ణగి టీచరు ముఖంలో కోపం అలాగే నిలిచిపోయింది, కదలలేదు. "అడిగుంటే ఏమని చెప్పుంటావు?" అంది.

"తెలీదు. సరి అనే చెప్పుంటానేమో. మీరంటే అంత ఇష్టం నాకు." వినోదిని కోర్టు వైపు చూస్తూ మాట్లాడింది. "నాకు ఆట మీద కోపం లేదు టీచర్. అన్నం పెట్టింది. దేశమంతా తిప్పింది. మీ మీద అసలే లేదు. అయితే అలిసిపోయినాను. హాస్టల్లో మొదలైన అలుపు, ఆట మానేసి తొమ్మిదేండ్లయినా తీరలేదు. ఇంకొకరిని పరుగెత్తించే బలం నాకు లేదు. రేపటి నుంచి నేను రాను."

టీచరు వెనక్కి తిరిగి, కోర్టంతా చెదిరి ఉన్న బంతులు ఒక్కొక్కటే ఏరి వల సంచిలో వేయసాగింది. అరవై ఆరేళ్ళ మనిషి, ప్రతి బంతికీ నడుము పట్టుకుని వంగుతోంది. లేచి సాయం చేయాలని వినోదిని చేతులు రెండూ మెట్టు మీద ఆనాయి. మోకాళ్ళు లేవనివ్వలేదో, తనే లేవలేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. కూర్చుని చూస్తూ ఉండిపోయింది. ఆమె ఆడిన ఏ ఆటలోనూ అంత కష్టం పడలేదు. పన్నెండు బంతులు. ఆఖరిది కంచె కిందికి దొర్లిపోయింది. దాన్ని కాలితో బయటికి లాగి, సంచి మూతి బిగించి, ఈడ్చుకుంటూ మెట్ల దాకా తెచ్చింది టీచరు.

"దీన్ని ఎత్తి బండి మీద పెట్టు. అది చాలు" అంది.

వినోదిని కమ్మీ పట్టుకుని లేచింది. సంచి ఎత్తి స్కూటర్ మీద పెట్టింది. టీచరు ఆమె ముఖం చూడకుండా బండి స్టార్ట్ చేసింది. పోతూ పోతూ, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త అంది.

ఆ తర్వాత రెండు నెలలు టీచరు నుంచి ఫోన్ లేదు. వినోదిని కూడా చేయలేదు. డ్యూటీలో చిల్లర తప్పు ఇచ్చింది. రెండుసార్లు సేలం అడిగితే బెంగళూరు టికెట్టు కొట్టింది. పక్క కౌంటరు కరుప్పాయి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. తప్పు చేశానా అని ధనశేఖర్‌ను ఒకసారి అడిగింది. టీచరుకు బాధ కలిగింది నిజం, నువ్వు అబద్ధం చెప్పలేదు, అదీ నిజం, రెండిట్లో ఏదీ తప్పు కాదు అన్నాడతను, పట్టుగూళ్ళు చూసినంత నిదానంగా. అతను చెప్పింది న్యాయంగానే అనిపించింది. బరువు మాత్రం దిగలేదు.

ఒకరోజు టీచరే ఫోన్ చేసింది. వ్యాయామ విద్య చదివిన ఒక అమ్మాయి దొరికిందట, బాగా నేర్పిస్తోందట. ఇంకొక మాట అంది.

"యోగలక్ష్మి వచ్చేసింది. ఎందుకొచ్చినావని అడిగినాను. ఇంట్లో ఊరికే ఉంటే పొద్దు పోలేదంట."

వినోదిని నవ్వింది. అవతల టీచరు కూడా నవ్విందో, దగ్గిందో సరిగ్గా వినపడలేదు. తిరిగి రమ్మని టీచరు అడగలేదు. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది, ఆపరేషన్ చేయించుకునేటట్టయితే నేను వచ్చి తోడుంటాను అంది. కీలు మార్చే ఆపరేషన్‌కు ఇంకా వయసు రాలేదని డాక్టర్ చెప్పినట్టు వినోదిని చెప్పింది. వయసు రాలేదా అని టీచరు ఆశ్చర్యపోయింది. నలభై ఒకటి టీచర్ అంటే, నాకు పన్నెండు అనే గుర్తు అంది.

ఆ ఆదివారం కూతురిని తీసుకుని వినోదిని మహేంద్రమంగళం పోయింది. సేద్యమంతా ఇప్పుడు తమ్ముడు యువరాజ్‌ది. సీనప్ప అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. చెవులు తగ్గాయి, చూపు బాగానే ఉంది. కోర్టుకు పోవడం మానేసిన సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు.

"ఏమ్మా, పిల్లోళ్ళకు నేర్పించేకి పోలేదంట?"

"లేదు నాయినా. చాతకాలేదు."

ఆయన రెండు కాయలు ఒలిచి మనవరాలి చేతిలో పోశాడు. "నాకు ఆ పొద్దు భయమేసింది" అన్నాడు. "నువ్వు అట్ల పెరుగుతాంటే ఏమి చేసేదో తెలీలేదు. టీచరమ్మ వచ్చి అడిగితే దేవుడే వచ్చినట్లనిపించింది. సరి అనేసినాను."

ఇన్నేళ్ళలో ఆయన ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి. వినోదిని పక్కనే గోడకు వీపు ఆనించి, కాళ్ళు అరుగు దాటి చాపి కూర్చుంది. ఆయన ఇంకొక గుప్పెడు కాయలు తీసుకున్నాడు.

నాలుగింటి బస్సుకు తిరిగి పోవాలి. మూడున్నరకు వినోదిని కరుప్పాయికి ఫోన్ చేసి, రేపు సెలవు పెడతాను, నా డ్యూటీ చూసుకోమని అడిగింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె సెలవులన్నీ ఆటలకో, ఆపరేషన్లకో, కాన్పుకో పోయాయి. కారణం ఏమని రాయాలి అని కరుప్పాయి అడిగింది.

"సొంత పని అని రాయి" అంది వినోదిని.

తర్వాత ధనశేఖర్‌కు చేసింది. అతను కంగారుపడి ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదు, రేపు సాయంత్రం వస్తాము, నువ్వు తినేసి పడుకో అంది. ఫోన్ పక్కన పెట్టేసరికి మోహనప్రియ అప్పటికే మేనమామ వెంట తోటలోకి పరుగెత్తింది. పిలవబోయి ఊరుకుంది వినోదిని. రోడ్డు మీద నాలుగింటి బస్సు హారన్ వేసుకుంటూ వచ్చి, ఇద్దరిని దింపి, ఒకరిని ఎక్కించుకుని పోయింది.